ఫోను ఎవరిది? పేజీ ఎవరిది?

రెండేళ్ల కిందట పశ్చిమ గోదావరి జిల్లాలో, నరసాపురానికి దగ్గరలో ఒక మండల కేంద్రంలో జరిగిన శిక్షణకి నన్ను పిలిచారు. 'సోషల్ మీడియా ద్వారా మహిళల చిన్న వ్యాపారాల అభివృద్ధి' అని గోడకి బ్యానరు కట్టారు. నలభై మంది వచ్చారు. లేసు అల్లేవాళ్లు, పచ్చళ్లు, వడియాలు పెట్టేవాళ్లు, జాకెట్లు కుట్టేవాళ్లు, చీరలు తెచ్చి ఇంటి దగ్గర అమ్ముకునేవాళ్లు. పాఠం చెప్పడానికి వచ్చిన కుర్రాడు మంచివాడే, ఉత్సాహంగా ఉన్నాడు. మొదటి పది నిమిషాల్లోనే "అందరూ ఫోన్లు తీయండమ్మా" అన్నాడు. పదమూడు మంది తీశారు. మిగిలినవాళ్లు ఒకళ్ల మొహాలు ఒకళ్లు చూసుకున్నారు. "మా అబ్బాయి కాలేజీకి పట్టుకెళ్లాడండి" అంది ఒకామె. "ఆయన దగ్గరుందండి" అంది ఇంకొకామె. "నాది బటన్ల ఫోనండి, ఇందులో రావండి అవన్నీ" అంది మూడో ఆమె. "పరవాలేదు, పక్కవాళ్ల దాంట్లో చూడండి" అని ఆ అబ్బాయి ముందుకి వెళ్లిపోయాడు.

సాయంత్రం నివేదిక తయారైంది. 'నలభై మంది మహిళలకు డిజిటల్ మార్కెటింగ్‌లో శిక్షణ ఇవ్వడమైనది' అని రాశారు. కింద సంతకాలు పెట్టినవాళ్లలో నేను కూడా ఉన్నాను. ఆ సంతకం ఎందుకు పెట్టాను అని ఆ తర్వాత నన్ను నేను చాలాసార్లు అడిగాను. ఇలాంటి సంతకాలు ఈ పత్రిక చదివే మనలో చాలామందిమి పెడుతున్నాం. అందుకే ఇది రాస్తున్నాను.

ఏడాది తర్వాత

ఏడాది తర్వాత వేరే పని మీద అటు వెళ్లి ఆ నలభై మందిలో కొందరిని కలిశాను. నెట్‌లో అమ్మడం మొదలుపెట్టినవాళ్లలో ముగ్గురి సంగతి చెప్తాను.

మొదటి ఆమె లేసు అల్లుతుంది. టేబుల్ మీద పరిచే గుడ్డలు, దిండు గలీబుల అంచులు. చెప్పిన పాఠం ప్రకారం ఫోటోలు తీసి, కింద తన ఫోను నంబరు వేసి పెట్టింది. వారం లోపలే హైదరాబాదు నుంచి రెండు ఆర్డర్లు వచ్చాయి. రెండో వారం నుంచి రాత్రి పదకొండింటికి, పన్నెండింటికి ఫోన్లు మొదలయ్యాయి. 'రేటెంత' అని వాళ్లు అడిగేది లేసుకి కాదు. ఒక నంబరుని ఆపేస్తే ఇంకో నంబరు. మూడో వారంలో భర్త ఫోను లాక్కున్నాడు. ఆ ఫోన్లు చేసిన మగవాళ్లకి శిక్ష లేదు, శిక్ష ఆమెకి పడింది. "ఆర్డర్లు పోయినందుకు ఏడవలేదక్కా. ఇప్పుడు మా అమ్మతో మాట్లాడాలన్నా ఆయన్నే అడగాలి" అంది నాతో. మన శిక్షణకి రాక ముందు ఆమెకి ఒక ఫోను ఉంది. మన శిక్షణ తర్వాత అది లేదు.

రెండో ఆమె పచ్చళ్లు పెడుతుంది. చేతి రుచి మంచిది. పేజీ మరిది ఫోనులో తెరిచారు, ఎందుకంటే అతనికి 'ఇవన్నీ తెలుసు'. డబ్బు భర్త ఖాతాలో పడేది, ఎందుకంటే బ్యాంకుకి ఇచ్చిన నంబరు అతనిది. వ్యాపారం బాగానే పెరిగింది. కొన్నాళ్లకి ఇంట్లో గొడవలయి, దెబ్బలు తిని, ఆమె పిల్లని తీసుకుని పుట్టింటికి వచ్చేసింది. పేజీ అత్తారింట్లో ఉండిపోయింది. కొనేవాళ్ల నంబర్లు అత్తారింట్లో ఉండిపోయాయి. ఆమె పేరుతో, ఆమె మొహంతో ఉన్న ఆ పేజీలో ఇప్పటికీ పచ్చళ్లు అమ్ముతున్నారు. పెడుతున్నది తోడికోడలు. ఈమె అమలాపురంలో మళ్లీ మొదటి సీసా దగ్గర్నుంచి మొదలుపెట్టింది.

మూడోది ఒక సంఘం. పది మంది కలిసి ఒక పేజీ నడిపారు. 'మీ పేజీకి గుర్తింపు ఇస్తాం, ఈ లింకు నొక్కండి' అని ఒక సందేశం వస్తే నిజమనుకుని నొక్కారు. మర్నాడు ఆ పేజీ వాళ్లది కాదు. ఎక్కడ ఫిర్యాదు చేయాలో చూద్దామని నేనూ కూర్చున్నాను. ఒక ఫారం నింపితే ఇంకో ఫారం వచ్చింది. చివరికి ఎక్కడా మనిషి కనపడలేదు. సంతలో కొట్టు తీసేయమన్న పంచాయతీ గుమాస్తాతో పోట్లాడవచ్చు, ఆఫీసు ముందు కూర్చోవచ్చు. మనం నేర్చుకున్న పోరాట పద్ధతులన్నీ ఎదుట ఒక మనిషి, ఒక గుమ్మం ఉన్నాయనుకుని నేర్చుకున్నవే. ఇక్కడ ఏ గుమ్మం ముందు కూర్చోవాలి?

ఇవి విడి విడి సంఘటనలు కావు

"మూడు చెడు అనుభవాలు పట్టుకుని ఇంత రాద్ధాంతమా" అని కొందరు మిత్రులు అన్నారు. ఇవి దురదృష్టాలైతే నేనూ ఊరుకునేదాన్ని. కానీ ఈ మూడూ ఆ ఏర్పాటులోనే ఉన్నాయి.

ఫోను సంగతి చూడండి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో ఒక్కసారైనా ఇంటర్నెట్ వాడిన స్త్రీలు 21 శాతం, మగవాళ్లు 48.8 శాతం. తెలంగాణలో స్త్రీలు 26.5 శాతం, మగవాళ్లు 57.4 శాతం. అప్పటినుంచి ఫోన్లు పెరిగాయి, నిజమే. కానీ ఇంట్లో ఒక్క మంచి ఫోను ఉంటే అది ముందు ఎవరి చేతికి వెళుతుందో మనకి సర్వేలు చెప్పనక్కర్లేదు. ఇంట్లో కోడిగుడ్డు ఎవరి కంచంలో పడుతుందో తెలిసిన వాళ్లం.

డబ్బు సంగతి. ఫోను మీద డబ్బు తీసుకునే పద్ధతి 2016లో వచ్చింది. బ్యాంకు ఖాతాకి ఏ నంబరు ఇచ్చామో, ఆ సిమ్ము ఉన్న ఫోనులోనే అది తెరుచుకుంటుంది. అంటే ఖాతా ఆమె పేరున ఉన్నా, నంబరు భర్తదైతే తాళం చెవి భర్త దగ్గర ఉన్నట్టే. డ్వాక్రా రోజుల్లో పాసుపుస్తకం బీరువాలో ఎవరు దాస్తున్నారు అని అడిగేవాళ్లం. ఇప్పుడు అడగడం మానేశాం.

ఇక వేధింపు. సంతలో అమ్మే స్త్రీ చుట్టూ పది మంది ఆడవాళ్లు ఉంటారు. ఎవడైనా వంకరగా మాట్లాడితే పక్క గంపలామె అందుకుంటుంది. ఫోనులో అమ్మే స్త్రీ ఒంటరిది. ఆమె ఇంటి నంబరు ఊరందరి చేతిలో పెట్టి, 'ఎవడైనా పిచ్చిగా మాట్లాడితే బ్లాక్ చేయండమ్మా' అంటే సరిపోతుందా? ఇష్టం లేదని చెప్పినా పదే పదే వెంటపడి మాట్లాడించాలని చూడడం, ఆమె నెట్‌లో ఏం చేస్తోందో కాపు కాయడం నేరమని 2013లోనే చట్టంలో చేర్చారు. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో అది 78వ సెక్షను. మన శిక్షణలో ఫోటో తీసేటప్పుడు వెలుతురు ఎటు నుంచి పడాలో గంటసేపు చెప్పారు. ఈ సెక్షను గురించి ఒక్క నిమిషం చెప్పలేదు. నేను అక్కడే ఉన్నాను, నేనూ లేచి చెప్పలేదు.

ఖర్చులేని ప్రచారం అన్నది అబద్ధం

"ఇందులో పైసా ఖర్చు లేదు" అని ప్రతి శిక్షణలోనూ చెబుతారు. ఇంతకంటే పెద్ద అబద్ధం లేదు.

పేజీలో పెట్టింది మనల్ని అనుసరిస్తున్న వాళ్లందరికీ కనపడదు. ఎవరికి చూపించాలో కంపెనీ లెక్కలు నిర్ణయిస్తాయి. 2018 జనవరిలో ఫేస్‌బుక్ తన పద్ధతి మార్చి, వ్యాపారాల పేజీలకంటే స్నేహితులు, బంధువులు పెట్టేవాటికి ముందు చోటు ఇస్తామని ప్రకటించింది. అంటే అమ్ముకునేవాళ్లు పదిమందికి కనపడాలంటే డబ్బు కట్టాలి. ఆ ప్రకటనల చోటు వేలంపాట మీద అమ్ముడవుతుంది. పాలకొల్లులో పచ్చడి పెట్టే ఆమె, కోట్ల పెట్టుబడి ఉన్న పచ్చళ్ల కంపెనీ ఒకే పాటలో నిలబడాలి. ఎవరు గెలుస్తారో చెప్పాలా?

2021 అక్టోబరు 4న ఫేస్‌బుక్, వాట్సాప్, ఇన్‌స్టాగ్రామ్ మూడూ ప్రపంచమంతా దాదాపు ఆరు గంటలు ఆగిపోయాయి. మూడూ ఒకే యజమానివి కాబట్టి మూడూ ఒకేసారి ఆగాయి. అరుగు మనది కానప్పుడు, ఇంటివాడు తలుపు వేసుకుంటే గంప నెత్తిన పెట్టుకుని నిలబడాల్సిందే.

అసలు ఖర్చు ఇంకోటి ఉంది, ఆడవాళ్ల సమయం. నెట్‌లో అమ్ముతున్న ఒక లేసు కార్మికురాలిని ఒక వారం పాటు ఈ పనికి పట్టిన సమయం నోటు పుస్తకంలో రాయమన్నాను. ఫోటోలు తీయడం, 'ఇంకో రంగుంటే చూపించండి', 'కొంచెం తగ్గించండి' అన్నవాళ్లకి జవాబులు చెప్పడం, ప్యాకెట్ కట్టడం, పోస్టాఫీసు దగ్గర నిలబడడం. అన్నీ కలిపితే పదిహేను గంటలు దాటింది. ఆ వారం అమ్మింది మూడు గుడ్డలు. ఆ పదిహేను గంటలకి ధరలో ఎంత వేశావు అని అడిగాను. "అది పనేంటండీ, ఖాళీగా ఉన్నప్పుడు చూసుకునేదేగా" అంది.

'ఖాళీగా ఉన్నప్పుడు' అన్న మాట నేను ఇంతకు ముందు కూడా విన్నాను.

నరసాపురం మనకి ముందే చెప్పింది

1970ల చివర్లో మరియా మీస్ అనే జర్మన్ స్త్రీవాది నరసాపురం వచ్చి లేసు అల్లే స్త్రీల మధ్య పనిచేసింది. ఆమె పుస్తకం 'నరసాపురం లేసు కార్మికులు' 1982లో ఇంగ్లీషులో వచ్చింది. 19వ శతాబ్దంలో మిషనరీలు నేర్పిన ఈ పని ప్రపంచ మార్కెటుకి ఎలా వెళ్లిందో, ఎగుమతి వ్యాపారులు ఎలా పెరిగారో, అల్లిన స్త్రీలకి కూలి ఎంత తక్కువగా ముట్టిందో ఆమె ఇల్లిల్లూ తిరిగి రాసింది. ఇంటి చాకిరీ అంతా చేసుకుని, ఆ పైన రోజూ గంటల తరబడి అల్లే స్త్రీలని 'గృహిణులు' అన్నారు. వాళ్ల పనిని 'తీరిక వేళల పని' అన్నారు. పని కాదన్నాక దానికి కూలి పెంచమని అడిగేదెవరు? ఎవరింట్లో వాళ్లు అల్లుతుంటే నలుగురు కలిసేదెక్కడ? తాము అల్లింది ఎక్కడికి వెళుతుందో, ఎంతకి అమ్ముడవుతుందో వాళ్లకి తెలియదు. అల్లేది ఆడవాళ్లు, అమ్మేది మగవాళ్లు. ఆ పుస్తకమంతా ఈ రెండు మాటల మధ్య ఉంది.

ఇప్పుడు ఆ 'తీరిక వేళల పని'కి ఇంకో తీరిక వేళల పని తోడైంది. అల్లడమే కాదు, అమ్మడం కూడా ఇంట్లో కూర్చునే, ఒంటరిగానే, కూలి లేకుండానే. దీన్నే మనం సాధికారత అంటున్నాం.

"దళారీ పోతాడు కదా" అని వాదించేవాళ్లున్నారు. ఈ వాదనలో నిజం ఉంది, దాన్ని నేను తోసెయ్యను. తాను అల్లిన గుడ్డ నగరంలో ఎంతకి అమ్ముతున్నారో ఆ లేసు కార్మికురాలు మొదటిసారి ఫోనులోనే చూసింది. చూసి ఏజెంటుని నిలదీసింది. పది రూపాయలు పెంచాడు. ఇది చిన్న విషయం కాదు. ధర తెలియడం కార్మికుల చేతికి ఆయుధం రావడమే.

కానీ దళారీ పోలేదు. నేను చూసిన ఊళ్లలో కొత్త దళారీ వచ్చాడు. ఇరవై ఏళ్ల కుర్రాడు, మంచి ఫోను, బండి, వేల మంది చూసే పేజీ. పదిళ్లలో లేసు పోగుచేసి అమ్ముతాడు. పాత ఏజెంటు దారం ఇచ్చేవాడు, ఇతను అది కూడా ఇవ్వడు. కొనేవాళ్ల పేర్లు, నంబర్లు అతని ఫోనులోనే ఉంటాయి. అల్లినవాళ్ల పేరు ఏ ఫోటో కిందా ఉండదు. వ్యాపారంలో అధికారం సరుకు చేసినవాళ్ల దగ్గర ఉండదు, కొనేవాళ్లని ఎరిగినవాళ్ల దగ్గర ఉంటుంది. అది మరియా మీస్ వచ్చిన నాడూ నిజం, ఈనాడూ నిజం.

నరసాపురం లేసుకి 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. మంచిదే. కానీ ఆ గుర్తింపుని వాడుకునే హక్కు అధీకృత వినియోగదారులుగా పేరు నమోదు చేసుకున్నవాళ్లకి ఉంటుంది. ఆ జాబితాలో అల్లేవాళ్ల పేర్లు ఎన్ని చేరాయో అడిగే పని మన సంస్థలు పెట్టుకున్నాయా? పేజీ తెరవడం నేర్పినంత ఉత్సాహంగా ఆ నమోదు కాగితాలు నింపించామా?

ప్రతిసారీ లోపం ఆడవాళ్లదేనా?

మనం ఎక్కడి నుంచి ఎక్కడికి వచ్చామో ఒకసారి వెనక్కి తిరిగి చూడాలి. 1992లో నెల్లూరు జిల్లా స్త్రీలు సారా కొట్ల ముందు నిలబడి ప్రభుత్వాన్ని ప్రశ్నించారు. ఆ తర్వాత సంవత్సరాల్లో ఊరూరా పొదుపు సంఘాలు వచ్చాయి. మీ పేదరికానికి కారణం అప్పు దొరకకపోవడం అన్నారు. అప్పులిచ్చారు. 2010లో సూక్ష్మరుణ సంస్థల వసూళ్ల వేధింపులు ఆత్మహత్యల దాకా వెళ్లి, అక్టోబరులో ప్రభుత్వం ఆర్డినెన్సు తేవలసి వచ్చింది. అంతలో కారణం మారింది, నైపుణ్యం లేకపోవడం అన్నారు. కుట్టు మిషన్లు, శిక్షణలు వచ్చాయి. 2023లో 'లఖ్‌పతి దీదీ' అన్నారు, ఏటా లక్ష సంపాదించే అక్కలని కోట్ల సంఖ్యలో తయారు చేస్తామన్నారు. ఆ లక్ష ఎక్కడ అమ్మితే వస్తుందని అడిగితే ఇప్పుడు ఫోను చూపిస్తున్నారు.

ప్రతిసారీ లోపం ఆడవాళ్లలోనే ఉంటుంది. అప్పు తెలియదు, పని తెలియదు, ఫోను తెలియదు. మార్కెటులో లోపం ఉందని ఎవరూ అనరు.

1999లో రైతు బజార్లు పెట్టినప్పుడు ప్రభుత్వం స్థలం ఇచ్చింది, కప్పు వేసింది, తూకం పెట్టింది. మార్కెటు కల్పించడం అంటే అది. సరస్ మేళాల్లో సంఘాలకి స్టాళ్లు ఇవ్వడం, లేపాక్షి లాంటి దుకాణాల్లో సరుకు కొని పెట్టడం, బడి పిల్లల యూనిఫారాలు సంఘాలకి కుట్టడానికి ఇవ్వడం, ఇవీ మార్కెటు కల్పించడమే. వీటికి బడ్జెటు కావాలి, జవాబుదారీ ఉండాలి. ఒక రోజు శిక్షణకి రెండూ అక్కర్లేదు. బ్యానరు, భోజనాలు, నివేదిక చాలు. అమ్ముడుపోకపోతే తప్పు ఆమెది, ఫోటో సరిగా తీయలేదు.

మరి ఏం చేద్దాం?

ఫోన్లు వద్దనడం లేదు. ఆడవాళ్ల చేతిలో ఫోను ఉండకూడదనేవాళ్లు ఊళ్లో చాలామందే ఉన్నారు, వాళ్ల సరసన నేను చేరను. ఫోను నిజంగా ఆమె చేతిలో ఉండాలనే నా పోరు. అందుకే, ఇలాంటి శిక్షణ పెట్టే ప్రతి సంస్థా, ప్రతి కార్యకర్తా ముందు కొన్ని పనులు చేయాలని అడుగుతున్నాను.

పాఠం మొదలయ్యే ముందు ఫోను ఎవరిది, సిమ్ము ఎవరి పేరున ఉంది, బ్యాంకులో ఏ నంబరు ఉంది అని ఒక్కొక్కరినీ అడగాలి. ఆమె నంబరు ఆమె ఖాతాకి చేరే దాకా అమ్మకం పాఠం చెప్పకూడదు. ఈ ఒక్క పనికి రెండు రోజులు పడితే పట్టనివ్వండి.

ఇంటి నంబరు బయట పెట్టనివ్వకూడదు. సంఘానికి వేరే సిమ్ము, వేరే ఫోను ఉండాలి. దాన్ని వంతులవారీగా, పగటిపూట, సంఘం గదిలో కూర్చుని చూసుకోవాలి. రాత్రి ఎనిమిది తర్వాత ఆ ఫోను మోగకూడదు. వేధింపు ఫోను వస్తే అది ఒక ఇంటి గొడవ కాదు, సంఘం ఫిర్యాదు. పది మంది కలిసి పోలీసు స్టేషనుకి వెళతారు. డబ్బు మోసమైతే వెంటనే 1930కి ఫోను చేస్తారు. డబ్బు అందుకోవడానికి పిన్ను నొక్కక్కర్లేదని, నొక్కమన్నవాడు మోసగాడని అందరికీ తెలిసి ఉండాలి.

పేజీ సంఘం పేరున ఉండాలి. తెరిచే అధికారం కనీసం ముగ్గురు స్త్రీల దగ్గర ఉండాలి. కొనేవాళ్ల పేర్లు, నంబర్లు ప్రతి నెలా రిజిస్టరులో చేత్తో రాసుకోవాలి. నవ్వొస్తుందేమో, కానీ పచ్చళ్లామె దగ్గర ఆ పుస్తకం ఒకటి ఉండి ఉంటే అమలాపురంలో సున్నా నుంచి మొదలుపెట్టేది కాదు.

ఫోను మీద పెట్టే గంటలకి కూలి కట్టి ధరలో వేయాలి. వేస్తే ఎవరూ కొనరంటారా? అలాగైతే ఈ వ్యాపారం నడుస్తున్నది ఆమె ఉచిత చాకిరీ మీదేనని ఒప్పుకోవాలి.

చివరిది మన గురించి. నిధులిచ్చేవాళ్లకి రాసే నివేదికల్లో 'శిక్షణ పొందినవారు' అన్న గడి పక్కన ఇంకో రెండు గడులు గీద్దాం. 'ఏడాది తర్వాత సొంత ఫోను ఉన్నవారు', 'సొంత ఖాతాలో డబ్బు అందుకున్నవారు'. ఆ గడుల్లో సున్నా వస్తే సున్నా అనే రాద్దాం.

నలభై మంది అని రాసిన ఆ కాగితంలో నిజమైన అంకె పదమూడు. ఏడాది తిరిగేసరికి అది పన్నెండయింది. ఈసారి నన్ను పిలిచినవాళ్లకి ముందే చెప్పాను, అంకె సరిదిద్దితేనే సంతకం పెడతానని.